అవ్వను గీసిన శనివారం

మొన్న కేతేపల్లి దగ్గరి ఒక ప్రభుత్వ బడిలో ఒక తల్లి నన్ను నిలదీసింది. నేను పనిచేసే చిన్న కళాసంస్థ తరఫున వారానికొక రోజు ఆ బడికి వెళ్లి పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. పిల్లలు వేసినవన్నీ వరండా గోడకు అంటించాం. అందులో ఏడో తరగతి అమ్మాయి వేసిన బొమ్మ ఒకటి ఉంది. పట్టపగలు మంచం మీద బోర్లా పడి నిద్రపోతున్న మగమనిషి, మంచం కింద ఒరిగిన సీసా. ఆ పిల్ల తల్లి పత్తి ఏరుతూ ఏరుతూ మధ్యలో వచ్చినట్టుంది, కొంగుకు దూది పోగులు అంటుకొని ఉన్నాయి. "మా ఇంట్ల సంగతి గిట్ల గోడకు అంటిస్తరా మేడం? బడి అంటే గిదేనా?" అంది. బొమ్మ ఊడదీసి ఆమె చేతికిచ్చాను. చింపేస్తుందనుకున్నాను. ఆమె చాలాసేపు దానివంక చూసి, నాలుగు మడతలు పెట్టి, జాగ్రత్తగా సంచిలో పెట్టుకొని వెళ్లిపోయింది. ఆమె కోపం తగ్గిందో పెరిగిందో నాకు తెలియలేదు. బస్సులో తిరిగి వస్తుంటే మాత్రం ఒకటే గుర్తుకొచ్చింది. ఒకప్పుడు ఇలాంటి బొమ్మ గీసిన పిల్లను నేనే. ఇంకా ముప్పై దాటని మనిషి జ్ఞాపకాలు రాయడమేమిటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. కొన్ని సంగతులు అర్థమయ్యేదాకా ఆగుదామనుకుంటే ఎప్పటికీ రాయలేం.

మాది మర్రిగూడ వైపు ఒక మెట్ట ఊరు. మాకు నలభై గొర్రెలు, ఎకరన్నర చెలక. ఇంటి ముందు గొర్ల దొడ్డి, దొడ్డి వెంబడి పొయ్యి, పొయ్యి వెనక రెండు అర్రలు. పొద్దున లేస్తే ముందు ముక్కుకు తగిలేది తడిసిన గొర్రె ఉన్ని వాసన, ఆ తర్వాత అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన. మా ఊళ్లో నీళ్ల గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడేవాళ్లు కాదు. బోరింగు నీళ్లు వాడకానికి, క్యాను నీళ్లు తాగడానికి. క్యాను కొనడం కూడా నేను పుట్టిన తర్వాత మొదలైన సంగతే. అంతకుముందు అందరూ ఫ్లోరైడు నిండిన ఆ బోరింగు నీళ్లే తాగారు. అందుకే మా ఊళ్లో పెద్దవాళ్లలో చాలామందికి పళ్ల మీద గోధుమరంగు చారలు, కొందరికి కాళ్లు వంకర, కొందరికి నడుము వంకర. చిన్నప్పుడు నేను ముసలితనమంటేనే అది కాబోలనుకునేదాన్ని.

మా అవ్వ పేరు ఎల్లమ్మ. మా నాన్నను మేం బాపు అంటాం, ఆయన తల్లి. ఆమె నడుము దగ్గర సగానికి మడిచినట్టుండేది. రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి నడిచేది. ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండేది కాబట్టి మనుషులను కాళ్లను బట్టి గుర్తుపట్టేది. ఎవరైనా వాకిట్లోకి వస్తే చెప్పులు చూసి "సత్తెమ్మా, ఎప్పుడొచ్చినవే" అని పలకరించేది, ఒక్కసారి కూడా తప్పేది కాదు. కొత్త చెప్పులు వేసుకొచ్చిన వాళ్లతో మాత్రం గొడవ పడేది. పైకి చూడాలంటే ఒంటిని మొత్తం పక్కకు తిప్పి, ఒక కన్ను మూసి చూసేది. మా ఇంట్లో ఉప్పు డబ్బా, కారం డబ్బా, తంబాకు సంచి, ఉన్ని వడికే కదురు అన్నీ నా మోకాళ్ల ఎత్తులో ఉండేవి. బాపు ఆమె కోసం గోడకు కిందనే మేకులు కొట్టాడు. వేరేవాళ్ల ఇళ్లలో మేకులు అంత ఎత్తున ఎందుకు కొడతారో నాకు ఎంతకాలమో అర్థం కాలేదు. పొద్దంతా ఆమె గోడకు ఆనుకొని కూర్చొని కదురు తిప్పుతూ గొంగడికి ఉన్ని వడికేది. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు మా సుజాతత్త. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఇంట్లో కుట్టుమిషన్ తొక్కేది. ఆ మిషన్ చప్పుడు, కదురు తిరిగే చప్పుడు, దొడ్డిలో గొర్రెపిల్లల అరుపులు కలిపితే అదే మా ఇల్లు.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను ఎనిమిదో తరగతి. మా బడిలో డ్రాయింగు సారు కుర్చీ ఏళ్లుగా ఖాళీగా ఉండేది. డ్రాయింగు పీరియడు అంటే లెక్కల సారు ఇంకో గంట లెక్కలు చెప్పడమే. అలాంటిది ఒక శనివారం మధ్యాహ్నం పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు. ప్రభుత్వ బళ్లలో పిల్లలకు బొమ్మలు, పాట, ఆట నేర్పుతామని పెద్దసారుతో మాట్లాడుకున్నారట. వాళ్లలో మా తరగతికి వచ్చినామె వసంత మేడం. పొట్టి జుట్టు, నూలు చీర, చంకలో చుట్టిన పెద్ద పెద్ద కాగితాలు. రంగులు తెస్తుందనుకొని మేమంతా ఎగబడ్డాం. ఆమె రంగులు తేలేదు. "మీ ఇంట్ల కట్టెలున్నయా?" అని అడిగింది. మేం నవ్వాం.

తర్వాతి శనివారం తుమ్మ పుల్లలు తెప్పించి, పాత బిస్కెట్ డబ్బాలో పేర్చి, మూత చుట్టూ మట్టి మెత్తించి, బడి వెనక మంట పెట్టించింది. చల్లారాక డబ్బా తెరిస్తే లోపల నల్లటి పుల్లలు, ఒక్కటి కూడా బూడిద కాలేదు. కాగితం మీద గీస్తే పిల్లి తోకలా మెత్తగా సాగింది. ఆ రోజు మా చేతులు, ముఖాలు, అంగీలు నల్లగా అయ్యాయి. ఇంటికెళ్తే అమ్మ, "బడికి వోయినవా, బొగ్గుల బట్టీకి వోయినవా?" అని వీపు మీద ఒకటి వేసింది.

వసంత మేడం ఒక్క మాట పదే పదే చెప్పేది. "నీకు తెలిసింది గీయొద్దు, కనబడింది గీయి." అంతవరకు మాకు తెలిసిన బొమ్మలు మూడే. రెండు కొండల మధ్య సూర్యుడు, కొబ్బరిచెట్టు పక్కన గుడిసె, జెండా. మా ఊళ్లో కొబ్బరిచెట్టే లేదు. ఆమె వాటిని తప్పని అనలేదు, కానీ "ఇంటికి వోయి మీవాళ్లను ఒక్కలను చూస్తూ గీసుకొని రండి" అంది. నేను ఇంటికొచ్చి అవ్వ ముందు కూర్చున్నాను. అవ్వ అప్పుడే లేచి నీళ్ల చెంబు కోసం నడుస్తోంది. చేతులు మోకాళ్ల మీద, వీపు కొండలా పైకి లేచి, తల ఎక్కడో కింద, ఒక కన్ను మూసి నన్ను చూస్తోంది. రోజూ చూసే అవ్వే. కానీ కాగితం మీద గీస్తుంటే నాకే భయమేసింది, ఇంత వంగి ఉందా అని. నాలుగుసార్లు చెరిపి అయిదోసారి గీసిందాన్ని తీసుకెళ్లాను. వసంత మేడం దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. ఆ తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. బడిలో ఎవరైనా నా తల మీద చెయ్యి పెట్టడం అదే మొదలు.

ఏడాది చివర నల్లగొండలో ఒక హాలులో అన్ని బళ్ల పిల్లల బొమ్మలు పెట్టారు. మమ్మల్ని బస్సులో తీసుకెళ్లారు. మంచి బట్టలు వేసుకున్నవాళ్లు నా బొమ్మ ముందు ఆగి, గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. నాకేమీ అర్థం కాలేదు, కానీ సంతోషంగానే ఉంది. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నా బొమ్మ వచ్చింది. కింద నా పేరు శిరీష అని, మా ఊరి పేరు, 'మా అవ్వ' అనే మాట. పెద్దసారు దాన్ని ఆఫీసు గదిలో అంటించారు. ఇంట్లో అమ్మ చూసి "మంచిగున్నది" అంది. బాపు చూసి గొర్రెల వెంట వెళ్లాడు. అవ్వకు ఎవరూ చూపించలేదు. నేను కూడా చూపించలేదు. ఎందుకు చూపించలేదో ఇప్పుడు ఎంత తవ్వినా దొరకడం లేదు.

అప్పటికి మా సుజాతత్తకు చిట్యాల వైపు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. పెండ్లిచూపులకు వాళ్లు వచ్చిన రోజు ఇంట్లో జరిగిందంతా నేను చూశాను, కానీ చూస్తున్నానని నాకు తెలియలేదు. పొద్దున్నే బాపు అవ్వను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో కొత్త గొంగడి కప్పాడు. "అమ్మా, వాళ్లు పోయేదాక లేవకు" అన్నాడు. వాళ్లు వచ్చి పలకరిస్తే అమ్మ, "ముడుకుల నొప్పులు, లేవలేదు" అంది. కూర్చుంటే అవ్వ అందరిలాంటి అవ్వే. కళ్లు చురుగ్గా ఉండేవి, మాట గట్టిగా ఉండేది. వచ్చినవాళ్లతో గొర్రెల ధర గురించి, వానల గురించి బాగా మాట్లాడింది. పిల్ల నచ్చిందన్నారు. లగ్గం మాట్లాడుకోవడానికి మళ్లీ వస్తామన్నారు.

వచ్చారు, కానీ అనుకున్న రోజున కాదు. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా పిల్లగాడి తల్లి, పెదనాన్న ఇద్దరే వచ్చారు. ఆ పెదనాన్న జేబులోంచి మడత పెట్టిన పేపరు తీసి మంచం మీద పరిచాడు. నా బొమ్మ. "గిది మీ పిల్ల గీసిందేనా?" అని అడిగాడు. బాపు తల ఊపాడు. "గీ ముసలామె ఎవలు?"

బాపు నవ్వడానికి ప్రయత్నించాడు. "చిన్నపిల్ల గదా. ఊర్ల ఎవలనో చూసి గీసింది."

"మా అవ్వ అని ఉన్నది మరి?"

"పేపరోళ్లు రాసుకున్నరు."

ఆ పెద్దమనిషి నావైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టమైంది. "నువ్వు చెప్పు బిడ్డా. గీమె మీ అవ్వనా?" అందరూ నన్నే చూస్తున్నారు. బాపు నన్ను ఒక్కసారి చూసి చూపు దించుకున్నాడు. కుట్టుమిషన్ దగ్గర సుజాతత్త చేతిలో బట్ట పట్టుకొని కదలకుండా నిలబడింది. అవ్వ గోడకు ఆనుకొని కూర్చునే ఉంది, ఒళ్లో గొంగడి లేదు, చేతిలో కదురు ఆగిపోయింది. కనబడిందే గీయమన్నది వసంత మేడం. కనబడిందే చెప్పమని ఎవరూ అనలేదు. "కాదు" అన్నాను. "నేను ఊకెనే గీసిన."

అప్పుడు అవ్వ కదురు పక్కన పెట్టింది. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి గోడకు ఆనించి లేచింది. బాపు "అమ్మా!" అన్నాడు. ఆమె వినలేదు. రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, నేల చూస్తూ, వాళ్ల చెప్పులు కనబడేదాకా నడిచి, మంచం ముందు ఆగింది. ఒంటిని పక్కకు తిప్పి, ఒక కన్ను మూసి, పేపరులో బొమ్మను చూసింది. ఆమె దాన్ని చూడటం అదే మొదటిసారి.

"నేనే" అంది. "గిది నేనే. ఎందుకు పిల్లతోని అబద్ధమాడిపిస్తరు? మా ఊరి నీళ్లు గిట్ల జేసినయి. నా బిడ్డ మంచిగున్నది, చూసిండ్రు గదా. ఇగ మీ ఇష్టం."

పిల్లగాడి తల్లి గబగబా లేచి ఆమె భుజం పట్టుకుంది. "కూసో వదినె, కూసో. నొప్పి వెడతది" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అమ్మ చాయ్ పెట్టింది, ఇద్దరూ తాగారు. వెళ్లేటప్పుడు ఆమె సుజాతత్త చెయ్యి కూడా పట్టుకుంది. ఇక సంబంధం ఖాయమే అనుకున్నాను. పది రోజులకు మధ్యవర్తి వచ్చి, జాతకాలు కుదరలేదట అని చెప్పి వెళ్లాడు. అవి నిజంగానే కుదరలేదో, బొమ్మ చూసి వద్దనుకున్నారో, అవ్వను చూసి వద్దనుకున్నారో, మేం దాచినందుకు వద్దనుకున్నారో మాకెవ్వరికీ ఇప్పటికీ తెలియదు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం నమ్మారు. నేను అన్నీ నమ్మాను.

సుజాతత్త నాతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, కొట్టలేదు. నా జడ తను వేసేది, అది మానేసింది. నేను అమ్మ దగ్గరికి వెళ్తే అమ్మకు జడ గట్టిగా వేయడం రాదు, మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది. అవ్వ మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఒకరోజు సాయంత్రం నేను ఆమె మోకాళ్లకు ఆముదం రాస్తుంటే మెల్లగా అంది, "బొమ్మల నా చెవుల గెంటీలు లెవ్వేందే?"

"నల్ల బొగ్గుతోని గీసిన అవ్వా. గెంటీలు కానరాలె."

"చీర గూడ నల్లగున్నది. నాది ఎర్రచీరనాయె." ఇంకో మోకాలు నావైపు జరిపింది. "గది సరే. నన్ను కాదన్నవేందే?"

"బాపు చూసిండు నాదిక్కు."

"మీ బాపు చూస్తే నేను నీ అవ్వను గాకుంట పోతనా?"

నేను ఏడ్చాను. ఆమె మోకాలి నూనె అంటిన చేత్తోనే నా ముఖం తుడిచి, "పో, గొర్లొచ్చినయి, తడక తియ్యి" అంది. నన్ను క్షమించిందో లేదో అడగడానికి ఆ తర్వాత నాకు ఎప్పుడూ ధైర్యం చాలలేదు.

సంబంధం తప్పిన వారానికి బాపు ఇంకో నలుగురు తండ్రులను వెంటబెట్టుకొని బడికి వెళ్లాడు. ఆ నలుగురిళ్లలోనూ పెండ్లికి ఎదిగిన ఆడపిల్లలున్నారు. "మా ఊరి పేరు పెట్టి మా ముసలోళ్ల బొమ్మలు జిల్లంత చూపెడితే మా పిల్లల్ని ఎవలు చేసుకుంటరు సారు?" అని అడిగారు. పెద్దసారు మంచివారే, కానీ భయస్తులు. బొమ్మల క్లాసు ఆపేస్తున్నామన్నారు. ఆ శనివారం మళ్లీ లెక్కలు. మా తరగతి పిల్లలంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా పక్కన కూర్చునే రాణి ఆటల గంటలో అందరి ముందూ "నీ ఒక్కదాని బొమ్మతోని అందరి క్లాసు పోయింది" అంది. హాలులో ఏడ్చినామె, నా తల మీద పడిన చెయ్యి, మాట్లాడని అత్త, కదురు ఆపిన అవ్వ, ఇప్పుడు రాణి. ఒక్క కాగితం మీద ఇంతమంది ఇన్ని రకాలుగా ఎలా ఉండగలరో నా బుర్రకు ఎక్కలేదు. నేను చేసింది మంచా చెడా అని రోజుకో రకంగా అనుకునేదాన్ని.

వసంత మేడం ఒకరోజు మా ఇంటికి వచ్చింది. బాపు ఆమెను కూర్చోమనలేదు, పొమ్మని కూడా అనలేదు. దొడ్డి దగ్గర నిలబడి గొర్రెల కాళ్లకు మందు పూస్తూ ఉండిపోయాడు. ఆమె అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. "మిమ్మల్ని అడగకుండా మీ బొమ్మను బయట పెట్టిన. అది నా తప్పు పెద్దమ్మా" అంది. పెద్దవాళ్లు, అందులోనూ చదువు చెప్పేవాళ్లు, తప్పు ఒప్పుకోవడం నేను అంతవరకు చూడలేదు.

"అడిగితే వద్దంటుంటి" అంది అవ్వ.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేమో తెల్వది బిడ్డా" అంది అవ్వ. ఆ తర్వాత మేడం చెప్పులను చూసి, "గీ చెప్పులు తెగెటట్టున్నయి, కుట్టిచ్చుకో. బస్సెక్కేటప్పుడు పడతవు" అంది.

నెల తర్వాత బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఆపిన క్లాసు మళ్లీ పెట్టాలా, పూర్తిగా తీసెయ్యాలా అని తేల్చడానికి. మా ఇంటి నుంచి బాపు వెళ్లాడు, నేను పిల్లలతో కిటికీ బయట నిలబడ్డాను. బాపు లేచి మళ్లీ అదే మాట చెప్పాడు. నలుగురు అవునన్నారు. పెద్దసారు కాగితం మీద ఏదో రాయబోతుంటే తలుపు దగ్గర నుంచి సుజాతత్త గొంతు వినబడింది. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, మిషన్ మీద నుంచి లేచి తిన్నగా వచ్చినట్టుంది.

"సంబంధం తప్పింది నాది" అంది. "నేను ఫిర్యాదు చెయ్యలె. మీరెవలు చేసెటానికి? మా అమ్మను మూలకు కూసోవెట్టి గొంగడి కప్పినం, గది తప్పు గాదా? పెండ్లయి రేపు నేను పుట్టింటికొస్తే, అత్తోళ్లొస్తే, మా అమ్మ ఎన్నేండ్లు లేవకుంట కూసుంటది? పిల్లలు గీసుకుంటరు, గీసుకోనియ్యిండ్రి. బయటికి పంపేటప్పుడు ఇంట్ల అడగమని చెప్పుండ్రి, అంతే." చెప్పడం అయిపోగానే ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. బాపు తల వంచుకొని అలాగే కూర్చున్నాడు. కోపం వచ్చిందో సిగ్గు వేసిందో ఆయన ముఖంలో నాకు కనిపించలేదు.

క్లాసు మళ్లీ మొదలైంది. బయటికి పంపే ప్రతి బొమ్మకూ ఇంట్లో పెద్దవాళ్ల సంతకమో వేలిముద్రో పెట్టించుకోవాలని నియమం పెట్టారు. నా కోసం అంత చేసిన అత్త ఇక మాట్లాడుతుందని ఆ సాయంత్రం దువ్వెన పట్టుకొని ఆమె ముందుకు వెళ్లాను. మాట్లాడలేదు. జడ మాత్రం వేసింది, చాలా గట్టిగా, కళ్లు లాగేటంత గట్టిగా. మాట్లాడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అది కూడా ఏమీ జరగనట్టు, "శిరీ, గా సూది ఇటియ్యి" అని. తర్వాతి ఏడాది మునుగోడు దగ్గర కరెంటు పనిచేసే అతను ఆమెను చేసుకున్నాడు. అతని మేనమామ కూడా అవ్వలాగే నడుస్తాడు. నేను మాత్రం ఆ బడి వదిలేదాకా మనిషి బొమ్మ గీయలేదు. గొర్రెలు గీశాను, తడకలు గీశాను, చెంబు గీశాను. వసంత మేడం ఎందుకని అడగలేదు.

ఆ తర్వాత మా ఊరికి పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. మా చిన్నవాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి. బడిలో ఇప్పుడు టీవీ తెర ఉంది, రంగుల పెట్టెలున్నాయి, డ్రాయింగు సారు కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. వసంత మేడంవాళ్ల సంస్థ మా వైపు రావడం ఎప్పుడో ఆగిపోయింది. నేను ఇంకో సంస్థతో ఇంకో బడికి వెళ్తున్నాను. అప్పుడు లేనివి ఇప్పుడు చాలా ఉన్నాయి. అనుమతి పత్రాలున్నాయి, పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పే శిక్షణలున్నాయి. అయినా కేతేపల్లి తల్లి ముందు నాకు మాట రాలేదు. కనబడింది గీయమని పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు ఇప్పటికీ ఒక్క క్షణం తడబడుతుంది. ఆ మాట తప్పని అనలేను. ఆ మాటకు ఎవరు ఎంత చెల్లించారో చూసి, ఒప్పని గట్టిగానూ అనలేను.

పోయినేడు వానకాలంలో అవ్వ చనిపోయింది. కదురు పక్కనే, కూర్చున్న చోటే. దినాలకు ఫోటో కావాలంటే ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ సరైనది లేదు. ఫోన్లలో ఉన్నవన్నీ కూర్చున్నవి, సగం ముఖం గోడ నీడలో. ఆధారు కార్డు మీది ముఖాన్ని పెద్దగా చేయించి తెచ్చాడు బాపు. దాన్ని గోడకు ఆనించి పెట్టి, చూసి, "గీమె ఎవలో వేరేటామె లెక్కున్నది" అన్నాడు. దినాలైన మర్నాడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నా బొమ్మల గురించి ఆయన నాతో అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

"అమ్మను గీయి బిడ్డా. గోడకు పెడదాం."

"ఎట్ల గీయాలె బాపూ? వంగినట్టా? నిలవడ్డట్టా?"

ఆయన గోడకు ఆనించిన ఫోటో వంక చూశాడు. "నిలవడ్డట్టు గీయి" అన్నాడు. "నువ్వు చూల్లేదు. నేను చూసిన. నేను చిన్నగున్నప్పుడు అమ్మ మంచిగ నిలవడుతుండె. నెత్తి మీద గంప, సంకల నేను. గడ్డికి వోయి వస్తుంటే ఎంత దూరంకెళ్లి అయినా గుర్తువడుతుంటి. అంత నిటారుగ ఎవలు నడవకపోతుండ్రి."

"నాకెట్ల తెలుస్తది బాపూ?"

"నేను చూపెడత" అన్నాడు. నేను కాగితం సర్దుకొని, బొగ్గు పుల్ల తీసుకున్నాను. ఆయన దొడ్డి ముందు ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు. ఒక చెయ్యి నెత్తి మీదికి ఎత్తి గంప పట్టుకున్నట్టు, ఇంకో చెయ్యి చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు పెట్టుకున్నాడు. గడ్డం పైకెత్తి, ఛాతీ ముందుకు తెచ్చి, వీపు సాచాడు. వీపు సగం దాకా వచ్చి ఆగిపోయింది. నడుము పైన ఒక వంపు అలాగే ఉండిపోయింది. నేను అంతకుముందు ఎప్పుడూ దాన్ని గమనించలేదు. చిన్నప్పుడు ఆయన కూడా ఆ బోరింగు నీళ్లే తాగాడు. ఆయన ముఖంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. తను పూర్తిగా నిలబడ్డాననే అనుకుంటున్నాడు.

"గిట్ల" అన్నాడు సంతోషంగా. "చూసినవా? గిట్ల నిటారుగ ఉంటుండె మా అమ్మ. గీయి."

నేను చూశానన్నట్టు తల ఊపి, కాగితం మీద బొగ్గు ఆనించాను. ఎవరి వీపుతో మొదలుపెట్టాలో తెలియలేదు.